ఓడ ముందా, కాకి ముందా

లిఫ్టు బావ తనకు చేసిన ద్రోహం గురించి ఎవరైనా అడిగితే పూసగుచ్చినట్టు చెప్పడానికి వైండింగ్ మేస్త్రి ఎప్పుడూ సిద్ధమే. అడిగేవాళ్ళే లేరు. షాపుకు వచ్చేవాళ్ళు కాలిన మోటారు బల్ల మీద పడేసి "ఎప్పటికిస్తావు?" అంటారు గానీ, "మీ బావ నిన్నేం చేశాడు?" అని ఎవరంటారు? అందుకని ఆ కథ తనకు తానే చెప్పుకునేవాడు, కాయిల్ చుడుతూ. చుట్టుకో తిట్టు. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి, చుట్లూ తిట్లూ రెండూ.

షాపు ఒక్క షట్టరు వెడల్పు. లోపల గోడవారగా కాలిపోయిన పంపులు, మూగబోయిన ఫ్యాన్లు, రాగి తీగ కండెలు, ఎప్పటికీ వదలని వార్నిష్ వాసన. వెనక నిటారుగా ఇనప మెట్లు. ఎక్కితే పైన అతని గది. చిన్నప్పుడే బడి మానేసి ఈ పనిలో పడ్డాడు, పనిలో పడ్డవాడు పడ్డట్టే ఉండిపోయాడు. పెళ్ళి మాట మొదట్లో చుట్టాలందరూ ఎత్తేవారు. తర్వాత ఒక్క అక్కే ఎత్తేది. ఇప్పుడు అక్క కూడా ఎత్తడం లేదు. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఎదురు బిల్డింగు వీపు తప్ప ఇంకేమీ చూపించని ఒక కిటికీ. తల ఎత్తున గోడకు ఒక చెక్క అర. ఆ అర మీద ఎనిమిది గ్రామఫోను రికార్డులు నిలబడి ఉంటాయి. ఎడమ చివర ఉన్నది అన్నిటికన్నా గొప్పది, కుడి చివర ఉన్నది అన్నిటికన్నా చెత్తది. ఆ వరస ఒక్క మనిషి పెట్టింది కాదు.

లిఫ్టు బావంటే సొంత అక్క మొగుడు. లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు. అప్పట్లో ఒక పాత క్లబ్బులో పని. ఆ క్లబ్బు మూసేసి సామానంతా బయట పారేస్తుంటే, ఆయన ఒక అట్టపెట్టె, ఒక రికార్డు ప్లేయరు మోసుకుని తిన్నగా బామ్మర్ది దగ్గరికొచ్చాడు.

"ఇదిగోరా. పెళ్ళి కాలేదని బెంగపడకు, ఇల్లంతా గోల చేసేది ఒకటి తెచ్చా."

"ఇదేం గోల చేస్తుంది బావా, చచ్చిపోతేనూ."

"చచ్చినవాటిని లేపడమేగా నీ పని? లేపు."

ప్లేయరు చావలేదు. అది పరాయి దేశపు సరుకు, నూటపది వోల్టుల మీద బతికేది. ఇక్కడి రెండువందల ముప్పై నేరుగా తగిలిస్తే మాడి మసైపోతుంది. అప్పటికి మేస్త్రి ఇంకా మేస్త్రి కాలేదు, చెయ్యి తిరుగుతున్న కుర్రాడు, ఉత్సాహం ఎక్కువ. కూర్చుని రాగి తీగ చుట్టి ఒక ట్రాన్స్‌ఫార్మరు చేత్తోనే తయారుచేశాడు. ఇటుకంత ఉంది, ఇటుకంత బరువూ ఉంది. దాన్ని మధ్యలో పెట్టి స్విచ్చి వేస్తే పళ్ళెం కదిలింది. సూది దిగింది. గొంతు లేచింది. బావ ఆ ఇటుకనీ, బామ్మర్దినీ మార్చి మార్చి చూశాడు.

"నీ చేతిలో ఏదో ఉందిరా," అన్నాడు.

అతని చేతి గురించి అంతకు ముందెవరూ ఏమీ అనలేదు. బడిలో పంతులు చెయ్యి చాపమన్నది వేరే పనికి.

పెట్టెలో ఉన్న ఎనిమిదీ ఒకే బ్యాండువి. నలుగురు దొరలు, గిటార్లు, డ్రమ్ములు. క్లబ్బు వెయిటరు అట్ట చూసి "పేరులో లాంతరేదో ఉంది" అన్నాడట, అంతటితో వాళ్ళు లాంతరోళ్ళయిపోయారు. ఇంగ్లీషు అక్షరాలు బావాబామ్మర్దులకు కనబడతాయి గానీ పలకవు. కాబట్టి అట్ట మీది బొమ్మే రికార్డు పేరు. ఓడ, నిచ్చెన, మంచం, గొడుగు, రెండు చేపలు, తలుపు, కుర్చీ, కాకి. పాటల్లో మాటలు అర్థం కాకపోవడం వాళ్ళకెప్పుడూ అడ్డు రాలేదు. పైగా అదే సుఖం, ఎవరికి కావలసింది వాళ్ళు అనుకోవచ్చు. పాడేవాడి గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టుండేది. తొందర లేదు. ఒక్కో మాటా మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచినట్టు లేచేది.

"వీడికి నలభై దాటుంటాయి," అన్నాడు బావ మొదటిసారి విన్నప్పుడే. "పెళ్ళాం వదిలేసిపోయింది."

"వదిలేసిపోవడం కాదు బావా, చచ్చిపోయింది. వదిలేసిపోతే ఇంత నిదానంగా ఏడవరు."

"పెళ్ళికానోడివి, నీకెలా తెలుసురా?"

"పెళ్ళయినోడివి నీకు తెలియనప్పుడు ఎవరో ఒకరికి తెలియాలిగా."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం బావ వచ్చేవాడు. షట్టరు సగం దించేసి, మెట్లెక్కి, మంచం మీద ఒకరు, నేల మీద ఒకరు. ఏది గొప్ప, ఏది చెత్త అన్న వాదన రెండో ఆదివారమే మొదలైంది. వాదన ముదిరి మాటామాటా పెరుగుతుంటే బావే ఒక పద్ధతి పెట్టాడు. లిఫ్టు మనిషి కదా, దేనికైనా రెండు తాళాలు ఉండాలంటాడు. అర మీద రికార్డులు వరసలో నిలబడతాయి. వరస మార్చాలంటే ఒకరు తియ్యాలి, ఇంకొకరు పెట్టాలి. తీసినవాడే పెట్టకూడదు. అంటే ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఒక్క అట్ట కూడా జరగదు. నిచ్చెన రెండో చోటికి రావడానికి ఒక వర్షాకాలమంతా పట్టింది. గొడుగు కోసం బావ అక్క చేత కూడా చెప్పించాడు. అక్క ఫోన్లో "ఒరేయ్, ఆ గొడుగేదో ఆయన చెప్పిన చోట పెట్టు, ఇంట్లో అన్నం తినట్లేదు," అంది.

రెండిటి గురించి మాత్రం వాళ్ళకెప్పుడూ పేచీ లేదు. ఓడ మొదటిది. కాకి ఆఖరుది. కాకిలో డ్రమ్ములు మూటలు మోస్తున్న గాడిద మెట్లెక్కుతున్నట్టుండేవి. ఓడ అలా కాదు. దాని రెండో వైపంతా ఒకటే పాట. అది మొదలైతే ఇద్దరూ మాట్లాడేవాళ్ళు కారు. అది ఇరవై నాలుగు నిమిషాలని బావ గడియారం పెట్టి చూసి తేల్చాడు, బస్సు కోసం. సూది పెట్టగానే చెప్పులు వెతుక్కుని దగ్గర పెట్టుకునేవాడు. పాట అయిపోగానే మెట్లు దిగితే బస్సు మలుపు తిరుగుతూ ఉండేది. ఎప్పుడూ తప్పలేదు.

ఆ తర్వాత బావకు పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చింది. తెల్ల చొక్కా, జేబు మీద పేరు, ఆరు లిఫ్టులు ఆయన చేతి కింద. ద్రోహం అక్కడ మొదలైంది.

హోటల్లో చేరిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం వచ్చాడు. కూర్చోలేదు. అర దగ్గరికి వెళ్ళి, మొదటి చోటు నుంచి ఓడ బయటికి లాగాడు. చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటది?" అన్నాడు మేస్త్రి.

"దీన్ని వెనక్కి పెట్టాల్రా. ఆఖర్న కాకపోయినా, దాని దగ్గర్లో. కాకిని ముందుకు తేవాలి."

"ఎక్కడికి?"

"మొదటికి."

మేస్త్రి నవ్వాడు. బావ నవ్వలేదు.

"పెద్ద హోటలు కదా, చెవులు కూడా కొత్తవి ఇచ్చారా బావా?"

"చెవులు కాదురా. నీ మిషను…" అని బావ ఇటుక వైపు చూసి ఆగాడు.

"ఊఁ? నా మిషనుకేం? చెప్పు. నా చేతి పనికి వంక పెడుతున్నావా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే పెట్టు దాన్ని."

"తీసింది నేను. పెట్టాల్సింది నువ్వు. వెనక పెడతావా లేదా?"

"పొద్దస్తమానం డబ్బాలో పైకీ కిందికీ తిరిగేవాడివి, పాట గురించి నువ్వు నాకు చెప్పేదేంటి?"

బావ ఓడను మంచం మీద పెట్టాడు. మెట్లు దిగిపోయాడు. ఆ రోజు బస్సు చాలాసేపటికి గానీ రాలేదని, ఆయన స్టాపులో నిలబడే ఉన్నాడని మేస్త్రికి తెలుసు. వెనకే షాపులోకి దిగిన అతనికి షట్టరు కింద నుంచి ఆయన కాళ్ళు కనబడుతూనే ఉన్నాయి. పిలవలేదు. పైకి వెళ్ళి, మంచం మీది ఓడను తీసుకెళ్ళి మళ్ళీ మొదటి చోటులోనే పెట్టాడు. ఒకరు తీశారు, ఇంకొకరు పెట్టారు. పద్ధతి తప్పలేదు.

బావ మళ్ళీ రాలేదు. అక్క ఫోన్ చేస్తుంది, అప్పుడప్పుడు. ఆయన మాట ఆమె ఎత్తదు, ఇతను అడగడు. రోజుల తరబడి షాపులో అతని నోట "రేపు రండి" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఆదివారాలు మాత్రం అతను సూది పెడుతూనే వచ్చాడు. పాట అదే, గొంతు అదే. కానీ మధ్యలో ఆపి, "ఇదిగో ఇక్కడ విను, ఈ ముక్క కోసమే మంచం కన్నా నిచ్చెన గొప్పది," అంటే, "నీ మొహం," అనేవాడు లేడు. ఔననేవాళ్ళు లేకపోయినా మనిషి బతికేస్తాడు. కాదనేవాడు ఒకడుండాలి. ఒక్కోసారి బావ గొంతుతో తనే కాదనేవాడు, కానీ తన మాటలు తనకు ముందే తెలిసిపోయేవి.

అలా జుట్టు నెరిసింది.

మొన్న ఒక సాయంత్రం, పక్క వీధి సెలూన్‌లో బాగుచేసిన ఫ్యాను బిగించడానికి వెళ్ళాడు. బిగించాక, "కూర్చో అన్నా, నీ తల చూస్తే నాకు సిగ్గేస్తోంది. నా షాపు ముందు నుంచి ఇలా నడిస్తే బేరాలు పోతాయి," అని సెలూనతను కుర్చీ తిప్పాడు. కూర్చున్నాడు. అద్దం పక్కన రేడియో మోగుతోంది. రేడియో అమ్మాయి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది.

"ఇవాళ లాంటర్న్ బ్యాండు ఎనిమిది ఆల్బమ్‌లు, చెత్త నుంచి గొప్ప దాకా, నా లెక్కలో! ఒప్పుకోకపోతే నన్ను తిట్టుకోండి గానీ రేడియో మాత్రం ఆపకండి."

మేస్త్రికి వెన్ను నిటారైంది. మెడకు చుట్టిన గుడ్డ కింద వేళ్ళు కుర్చీ చేతులను పట్టుకున్నాయి.

"ఎనిమిదో చోటు. చాలామందికి ఇది ప్రాణం, నాకు మాత్రం బస్సులో కునుకు. ఒక వైపంతా ఒకే పాట, అదీ ఎటూ వెళ్ళదు!" అని ఒక ముక్క వినిపించింది.

"ఇదెవరు?" అన్నాడు మేస్త్రి.

"లాంటర్న్‌వాళ్ళే అన్నా. ఇప్పుడేగా చెప్పింది."

"కాదు. నువ్వు పుట్టకముందు నుంచి వింటున్నా నేను వాళ్ళని. వాడి గొంతు ఇది కాదు. ఇదెవడో మీసాలు రాని పిల్లాడు."

"అన్నా, తల కదపకు, చెవి పోతుంది." సెలూనతను కత్తెర పక్కన పెట్టి, ఫోను తీసి గెలికి, అద్దం ముందు పెట్టాడు. "ఇదిగో, ఇదే అట్ట. చూడు."

ఓడ. అదే ఓడ, అదే నీలం, మూలన అదే చిన్న పక్షి.

పాట వెళుతూనే ఉంది. రాగం తెలిసినదే. కానీ ఎవరో దాని కాళ్ళకున్న బరువులు విప్పేసినట్టుంది. గొంతు సన్నగా, పైన ఎక్కడో ఉంది. ఆ గొంతుకు పెళ్ళాం పోలేదు. ఆ గొంతుకు అసలు పెళ్ళే కాలేదు.

సెలూనతను జుట్టు కత్తిరించడం అయిపోయినా మేస్త్రి కుర్చీ దిగలేదు. "గడ్డం కూడా చెయ్యి," అన్నాడు. గడ్డం అయ్యాక "తల మర్దన చెయ్యి," అన్నాడు. ఏడు, ఆరు, అయిదు… ఒక్కో రికార్డు నుంచీ ఒక ముక్క వినిపిస్తోంది, ఒక్కటీ తన ఇంట్లోది కాదు. చివరికి రేడియో అమ్మాయి గొంతు పెంచింది. "ఇక మొదటి చోటు! పాడినవాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు. వినండి, కుదురుగా కూర్చోగలిగితే కూర్చోండి."

కాకి. గాడిద లేదు, మూటలు లేవు. డ్రమ్ములు మెట్ల మీద నుంచి కిందికి దూకుతున్న పిల్లల్లా ఉన్నాయి. కుర్చీ కింద ఇనప కమ్మీ మీద మేస్త్రి కాలు అతన్ని అడక్కుండానే ఆడింది.

"బాగుందా అన్నా?" అన్నాడు సెలూనతను.

"నోరు ముయ్యి," అన్నాడు మేస్త్రి. కోపంతో కాదు.

మోటారు పూర్తి వేగం అందుకోకపోతే ఆ మూలుగు వీధి చివరి నుంచి పసిగట్టే మనిషి. ఇంటికి వెళ్ళి, ప్లేయరు బోర్లించి, దాని పొట్ట కింద ఉన్న రేకు ముక్కను బట్టతో తుడిచాడు. నూటపది వోల్టులు. అది అప్పుడూ చదివాడు. దాని పక్కనే అరవై. అది కూడా చదివే ఉంటాడు, పట్టించుకోలేదు. ఇక్కడి కరెంటు సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటుంది. ఆ మోటారు అరవై సార్లు కొట్టుకునే కరెంటుకు పుట్టింది. వోల్టులు ఎన్ని మార్చినా ఆ కొట్టుకోవడం మారదు. ఆరడుగులు వెయ్యాల్సిన చోట ఐదే వేస్తూ వచ్చిందన్నమాట, ఇన్నేళ్ళూ. పళ్ళెం నిదానిస్తే గొంతూ లావెక్కుతుంది. పరాయి దేశపు పంపు ఎవరైనా తెస్తే, "అరవైది ఇక్కడ నిదానంగా తిరుగుతుంది, తర్వాత నా మీదికి రావద్దు," అని తనే ముందు చెప్పి మరీ చేతిలో తీసుకుంటాడు. తలకెక్కిన ఆ సంగతి ఇనప మెట్లు మాత్రం ఎక్కలేదు. పైన ఉన్నది మోటారని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

మంచం మీద కూలబడ్డాడు. బావ ఎక్కడో సరైన మిషను మీద విని వచ్చాడు. "నీ మిషను" అని, ఆగిపోయాడు. అంతే జరిగింది.

"చెప్పి చావొచ్చుగా!" అని ఖాళీ గదిలో అరిచాడు.

మర్నాడు పొద్దున్నే పక్క షాపు లేత్ మేస్త్రి ముందు మోటారు పెట్టాడు. బెల్టు తిరిగే చిన్న ఇత్తడి పుల్లీ చూపించి, "దీనికి పైన ఒక తొడుగు కావాలి. లావు ఐదున్న చోట ఆరవ్వాలి," అన్నాడు.

"తొడుగుకి స్క్రూ పెట్టనా, బిగింపు మీద దిగ్గొట్టనా?"

"దిగ్గొట్టు. మళ్ళీ తీసే పని లేదు."

"తర్వాత ఊడదియ్యమంటే ఇరుసు విరుగుతుంది. చెప్పలేదనొద్దు."

"నువ్వు పని చేస్తావా, పురాణం చెప్తావా?"

పుల్లీకి ఇత్తడి తొడుగు మెరుస్తూ కూర్చుంది. బెల్టు ఎక్కించి కాకి పెట్టాడు. గది గది కాకుండా పోయింది. అటూ ఇటూ తిరిగాడు, మంచం కాలికి కాలు తగిలింది, పట్టించుకోలేదు. పక్కకు తిరిగి "విన్నావా?" అన్నాడు. గోడ ఉంది.

అక్కకు ఫోన్ చేశాడు.

"ఏరా, బతికే ఉన్నావా? నీ అంతట నువ్వు ఫోన్ చేశావంటే ఎవరో పోయుండాలి. ఎవరు?"

"ఎవరూ పోలేదు. బావ ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు. హోటలు మానేశాడుగా. మోకాళ్ళు, చెవులు. ఆదివారం రా. నీకు ఇష్టమైనవి చేస్తానని ఆశపడకు, ఉన్నదే పెడతా."

ఆదివారం అర దగ్గరికి వెళ్ళి, కుడి చివరి నుంచి కాకిని తీశాడు. సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. దారంతా ఏం మాట్లాడాలో కూర్చుకున్నాడు. తప్పయిందని అనడం అతని వల్ల కాదు. ఆ అవసరమూ లేదు. నేను తీశాను, నువ్వొచ్చి పెట్టు అంటే చాలు, బావకు అర్థమవుతుంది. మళ్ళీ ఆదివారాలు వస్తాయి.

బావ ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు. చెవి వెనక చిక్కుడు గింజంత మిషను. మనిషి సగమయ్యాడు. సంచిని చూశాడు, సంచిలోంచి కనబడుతున్న అట్ట మూలను చూశాడు.

"ముసలాడివయ్యావురా," అన్నాడు.

"నిన్ను చూడ్డానికొచ్చాను కదా, తోడుగా ఉంటుందని."

"ఆఁ?"

"తోడుగా ఉంటుందని!"

"అరవకు, అదురుతుంది. ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడు."

ఎదురుగా కూర్చున్నాడు. "అరవై సైకిల్స్ మోటారట బావా అది. నిదానంగా తిరిగింది ఇన్నాళ్ళూ."

"తెలుసు. హోటల్లో లిఫ్టు గది పక్కనే హోటలంతటికీ పాటలు వేసే గది. అక్కడ విన్నా."

"మరి నోరు విప్పి చెప్పడానికేం?"

"చెప్పబోయా. నీ ఇటుక కనబడింది. దాన్ని వారం వారం తుడిచేవాడివి కదరా. నోరు రాలేదు. వరస మార్చేస్తే మిషను జోలికి పోకుండా సరిపోతుందనుకున్నా. నువ్వేమో డబ్బాలో తిరిగేవాడినన్నావు."

"తిరిగేవాడివేగా."

"తిరిగేవాడినే." బావ నవ్వాడు. నోట్లో పళ్ళు కొన్ని లేవు.

మేస్త్రి సంచిలోంచి కాకిని బయటికి తీశాడు. "సరే. నీ మాటే నెగ్గింది. మొదటి చోటు దీనిది. నేను తీశా. నువ్వొచ్చి పెట్టు."

బావ అట్టను ఒళ్ళో పెట్టుకుని, కాకి రెక్క మీద వేలితో రాశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కాదురా. ఓడే మొదటిది."

"ఏంటి?"

"ఓడే."

"అప్పుడు కాకి అన్నావు!"

"అప్పుడన్నా. ఇప్పుడు కాదంటున్నా."

"నేను విన్నాను బావా! సరైన వేగంలో విన్నాను. ఓడ చెత్త. ఎటూ వెళ్ళదు. కాకి ముందు నిలబడలేదు!"

వంటగదిలోంచి అక్క గరిటెతో సహా వచ్చింది. "మళ్ళీ మొదలా? గడప దాటి నీళ్ళన్నా తాగలేదు, అప్పుడే కాకులూ ఓడలూనా?"

"ఆయన మాట మారుస్తున్నాడే!"

"ఆయన చొక్కా కూడా నేను చెప్తేనే మారుస్తాడు. మాట ఒక్కటన్నా మార్చనీ." అని లోపలికి వెళ్ళింది.

బావ చెవి వెనక మిషనును వేలితో తట్టాడు. "ఇది పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి. పాట పెడితే మాత్రం రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టుంటుంది. అందుకని లోపల ఉన్నదే వింటా. లోపల ఉన్నది హోటలు పాట కాదురా. అది ఎంత తోడినా రాదు. నీ గదిలోదే వస్తుంది. మంచం ఎక్కి కళ్ళు మూసుకుని ఓడ రెండో వైపు పెట్టుకుంటా. నిదానంగా, బరువుగా. సగంలో నిద్ర పట్టేస్తుంది. చివరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది, చివర ఎలా ఉంటుందో మర్చిపోయా."

మేస్త్రి కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"నీ మిషను మీద ఒక్కసారి పెట్టించుకోవాలని ఉంది. చెవికి కాదు. పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే ఆ గిటారు లావు తీగలు అదరడం తెలుస్తుంది. అప్పట్లో మంచం కోడు కూడా అదిరేది, గుర్తుందా? ఆ నిదానంలో అయితే చెయ్యి అందుకోగలదు."

"సరిచేశాను," అన్నాడు మేస్త్రి.

"ఆఁ?"

"స్పీడు సరిచేశాను బావా!"

"ఆ సంగతి వీధి వీధంతా విన్నది," అంది అక్క లోపల నుంచి.

బావ అతని ముఖంలోకి చూశాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. "ఎందుకురా?" అన్నాడు.

బస్సులో కూర్చుకున్న మాటల్లో ఈ ప్రశ్న లేదు.

"విప్పెయ్యొచ్చుగా?"

"దిగ్గొట్టించాను. ఊడదు. విరుగుతుంది."

"నువ్వు పట్టిందేదీ ఊడదు," అన్నాడు బావ. కాకిని జాగ్రత్తగా సంచిలో పెట్టి అతని చేతికిచ్చాడు. "పోన్లే. ఊడినా నేనెక్కడ రాగలను? ఆ మెట్లు నా వల్ల కావు. లిఫ్టు పెట్టించు, వస్తా."

ఇద్దరూ నవ్వారు. అక్క కంచాలు పెట్టింది. తిన్నారు. టీవీ శబ్దం లేకుండా ఆడుతోంది. బావ దానివైపు చూస్తూ మధ్యలోనే కళ్ళు మూసుకున్నాడు. చూపుడు వేలు మాత్రం కుర్చీ చేతి మీద ఆడుతోంది, నిదానంగా, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చాలా చోటు వదిలి.

"వచ్చే ఆదివారం రారా," అంది అక్క గుమ్మం దగ్గర.

"చూద్దాం," అన్నాడు.

బస్సులో తిట్లు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. తప్పంతా బావదే. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. చెప్పనివాడు చివరిదాకా ఊరుకున్నాడా, అదీ లేదు. తను ఒప్పుకున్న రోజే మాట మార్చాడు. ఒక మనిషి ఎన్నిసార్లు ద్రోహం చేస్తాడు? కానీ తిట్టు తిట్టుకీ మధ్య ఆ వేలు ఆడుతూనే ఉంది, లెక్క తప్పిపోతూనే ఉంది.

గదిలోకి వచ్చి సంచి దించాడు. అర మీద కుడి చివర కాకి చోటు ఖాళీగా ఉంది. పక్కనున్న కుర్చీ అట్ట ఆ ఖాళీలోకి ఒరిగిపోయింది. కాకిని మొదటి చోటులో పెట్టబోయి ఆగాడు. చివరి చోటులో పెట్టబోయీ ఆగాడు. తీసింది తను. తీసినవాడు పెట్టకూడదు. కాసేపు అలా చేత్తో పట్టుకుని నిలబడి, మంచం మీద పెట్టాడు, ఎప్పుడో బావ ఓడను పెట్టిన వైపే.

ఓడ తీసి రెండో వైపు పెట్టాడు. గడియారం చూశాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. సన్న గొంతు పిల్లాడు పాడుకుంటూ పోతున్నాడు, అతని కోసం ఎక్కడా ఆగడం లేదు. చేతికి తగిలీ తగలకుండా ఏదో జరిగిపోతోంది, పట్టుకునేలోగా తర్వాతది వస్తోంది. చివరి ముక్క వచ్చింది. బావ మర్చిపోయిన ముక్క. ఎలా ఉందో చెబుదామని చెవి పెట్టి విన్నాడు. అయిపోయింది. సూది లేచి పక్కకు వెళ్ళి కూర్చుంది. కిటికీ అవతల ఎదురు బిల్డింగు వీపు. కింద వీధిలో బస్సు చప్పుడు ఇంకా లేదు.

గడియారం చూశాడు. ఇరవై నిమిషాలే పట్టింది. పోయింది నాలుగు నిమిషాలు.